ఆంగ్లమున భవిష్యత్సందేహ ప్రకటన

జరిగిపోయిన విషయమును గూర్చి మనకు తెలియకపోవచ్చును. కాని అది జరిగినదో, జరుగలేదో, ఏదో యొకటి స్థిరపడియే యున్నది. జరుగనున్న దాని స్థితి యట్టిది కాదు. అది మనకు తెలియకుండుటయే గాక, ఇంకను ఏర్పడియే యుండలేదు. కావున భవిష్యత్తును గూర్చి పలుకు ప్రతి వాక్యమునందును వక్త తన యెఱుకను, దానితోపాటు తన యెఱుగమిని గూడ కొంత వెల్లడించుకొనక తప్పదు. "రేపు వర్షము కురియును" అన్నవాడును, "రేపు వర్షము కురియునేమో" అన్నవాడును ఒకే సంగతి చెప్పుట లేదు. మొదటివాడు తన మాటకు పూచీపడుచున్నాడు. రెండవవాడు పడుట లేదు. ఈ పూచీ యెంతవఱకో తెలుపు సాధనములు ప్రతి భాషయందును గలవు. అవి యే మాటల నుండి పుట్టినవి, ఎట్లు పనిచేయుచున్నవి అను విచారము భాషాశాస్త్రమున ముఖ్యమైన భాగము.

ఆంగ్లభాషీయులు భవిష్యద్విషయమున తమ సందేహము నెట్లు ప్రకటింతురో నిరూపించుట ఈ వ్యాసమున కుద్దేశము. తెలుగుశాఖ పత్రికలో ఆంగ్లవిచారమేల యని శంక కలుగవచ్చును. మన శాస్త్రగ్రంథములు, వార్తలు, శాసనములు పెక్కు ఆంగ్లమునుండి తెలుగునకు వచ్చుచున్నవి. ఆ రాకలో "మే", "మైట్", "కుడ్", "ఈజ్ లైక్లీ టు" అను నాలుగును "వచ్చును" అను ఒక్క మాటలో కలిసిపోవుట తఱచుగా కనిపించును. సందేహమునందలి తారతమ్యము పోయినచో వాక్యార్థమే మాఱును. అట్టి మార్పు కేవలము శైలీదోషము కాదనియు, దాని వలన రాజ్యవ్యవహారములే తలక్రిందులగు ప్రమాదము గలదనియు ముందు చూడగలము.

1. భవిష్యత్ప్రత్యయము లేని భాష

సంస్కృతమున భవిష్యదర్థమునకు ప్రత్యేక లకారములు గలవు. సామాన్యభవిష్యత్తునకు లృట్, నేటిది కాని భవిష్యత్తునకు లుట్ ఉన్నవి. లాటిన్ భాషలోను భవిష్యత్తునకు ధాతువుపై ప్రత్యయము చేరును. ఆంగ్లమున నట్టి ప్రత్యయము లేదు. ప్రాచీనాంగ్లమున వర్తమానరూపమే భవిష్యత్తునకును వాడబడుచుండెను. సందర్భమును బట్టి శ్రోత కాలమును గ్రహించెడివాడు. నేటికిని "ది ట్రెయిన్ లీవ్జ్ ఎట్ సిక్స్ టుమారో" అను వాక్యమున వర్తమానరూపముతోనే రేపటి సంగతి చెప్పుదురు. డెన్మార్కు దేశీయుడైన ఒట్టో యెస్పర్సన్ మొదలగు వ్యాకరణవేత్తలు ఆంగ్లమునకు భవిష్యత్కాలమను ప్రత్యేకకాలము లేదనియే తలచిరి.

ఈ లోటును తీర్చుటకు ఆంగ్లము తన సొంత క్రియలను కొన్నిటిని సహాయక్రియలుగా మార్చుకొన్నది. వాని మూలార్థములు గమనింపదగినవి. "విల్" అనుదానికి మూలార్థము కోరుట. "షల్" అనుదానికి ఋణపడియుండుట. "మే" అనుదానికి బలము కలిగియుండుట. "కెన్" అనుదానికి ఎఱుగుట. అనగా కోరిక, ఋణము, బలము, ఎఱుక అను నాలుగు మానవధర్మములను తెలుపు మాటలే క్రమముగా కాలమును, సందేహమును తెలుపు మాటలైనవి. సందేహించుటకని పుట్టిన మాట వీనిలో నొక్కటియు లేదు.

దీని ఫలితముగా ఆంగ్లమున ఒకే సహాయక్రియ రెండు పనులు చేయుచున్నది. "యూ మే గో" అన్నచో "నీవు పోవచ్చును" అను అనుమతి. "ఇట్ మే రెయిన్" అన్నచో "వర్షము కురియవచ్చును" అను సందేహము. మొదటిది మనుష్యుని ప్రవర్తనకు, రెండవది వక్త యెఱుకకు సంబంధించినది. భాషాశాస్త్రజ్ఞులు ఈ రెంటిని వేఱ్వేఱుగా విధ్యర్థకములు, జ్ఞానార్థకములు అని విభజింతురు. ఇది ఆంగ్లమునకే పరిమితమైన వింత కాదు. సంస్కృతమున లిఙ్ అను ఒకే లకారము విధిని, సంభావనను గూడ తెలుపుట మన పాఠకు లెఱిగినదే. తెలుగున "వచ్చును" అనుదానికిని పై రెండు అర్థములు నున్నవి. చేయవలసినదియు, జరుగదగినదియు మానవబుద్ధికి దగ్గఱి చుట్టములు.

2. విల్, షల్ అను రూపములు

1653లో జాన్ వాలిస్ అను గణితశాస్త్రజ్ఞుడు లాటిన్ భాషలో ఆంగ్లవ్యాకరణమును ప్రకటించెను. అందు "విల్", "షల్" శబ్దములకు పురుషభేదమును బట్టి వ్యవస్థ చూపబడినది. ఉత్తమపురుషయందు "షల్" కేవలభవిష్యత్తును, "విల్" సంకల్పమును తెలుపును. మధ్యమ ప్రథమపురుషలయందు దీనికి విపర్యయము. ఈ సూత్రము పాఠశాలలలో చిరకాలము బోధింపబడినది. నీటిలో పడిన యొక పరదేశి "ఐ విల్ డ్రౌన్, నోబడీ షల్ సేవ్ మీ" అని కేకవేయగా, మునిగిపోవుట యతని సంకల్పమనియు, రక్షింపరాదని యతని యాజ్ఞయనియు తలచి ఒడ్డుననున్నవారు ఊరకుండిరను హాస్యకథ ఈ సూత్రమునకు ఉదాహరణముగా ఉపాధ్యాయులు చెప్పుచుండిరి.

వాడుక మాత్రము సూత్రమునకు లొంగలేదు. 1925లో అమెరికాదేశీయుడైన చార్లెస్ కార్పెంటర్ ఫ్రీజ్ నాటకములలోని సంభాషణలను లెక్కించి, పాఠశాలాసూత్రము జీవద్భాషకు సరిపడుట లేదని నిరూపించెను. నేడు చాలమంది ఆంగ్లభాషీయులకు మూడు పురుషలయందును "విల్" ఒక్కటే భవిష్యద్వాచకము. "షల్" ముఖ్యముగా శాసనములలో విధ్యర్థమునను, "షల్ వి గో" వంటి ప్రశ్నలలోను నిలిచియున్నది.

"విల్" కేవలము కాలవాచకము కాదని తెలుపు ప్రయోగమొకటి గలదు. తలుపు చప్పుడు విన్నవాడు "దట్ విల్ బి ది పోస్ట్‌మన్" అనును. తపాలాబంట్రోతు వచ్చియే యున్నాడు. అది భవిష్యత్తు కాదు. వక్త చూడలేదు గనుక ఊహించుచున్నాడు. అనగా "విల్" ఇచట అనుమానప్రమాణమును తెలుపుచున్నది. ఈ వాక్యమునకు తెలుగు "అతడు తపాలాబంట్రోతు అయియుండును" అని. మన తద్ధర్మరూపమైన "ఉండును" సరిగా ఇదే పనిని చేయుచున్నది. కంటికి కానరాని వర్తమానమును, ఇంకను రాని భవిష్యత్తును రెండు భాషలును ఒకే రూపముతో చెప్పుటలో నొక న్యాయమున్నది. రెండును ప్రత్యక్షము కానివే.

"విల్" ప్రక్కన "గోయింగ్ టు" అను మఱియొక భవిష్యద్వాచకము గలదు. ఇది పోవుట యను చలనము నుండి పుట్టినది. మబ్బులు క్రమ్ముకొనుట చూచినవాడు "ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్" అనును. కారణము కన్నులయెదుట నున్నప్పుడు ఈ రూపము తగినది. "ఇట్ విల్ రెయిన్" అన్నచో వక్త తన నమ్మకమును చెప్పుచున్నాడు. తెలుగున "వర్షము రాబోవుచున్నది" అనుదానియందలి "పోవు" ధాతువును ఇచట స్మరింపవలెను. ఒక భాషతో నొకటి సంబంధములేకయే ఆంగ్లమును తెలుగును పోవుటను రాబోవుటగా మార్చుకొన్నవి.

3. మే, మైట్, కుడ్, షుడ్: తారతమ్యము

సందేహమునకు ముఖ్యవాచకములు ఈ నాలుగు. "మైట్" అనునది "మే" యొక్కయు, "కుడ్" అనునది "కెన్" యొక్కయు, "షుడ్" అనునది "షల్" యొక్కయు భూతరూపములు. కాని "ఇట్ మైట్ రెయిన్ టుమారో" అను వాక్యమున భూతకాలము లేశమును లేదు. ఇట్లు భూతరూపము దూరమును తెలుపును. ఆ దూరము ఒకప్పుడు కాలమునందు, ఒకప్పుడు సంభావ్యతయందు, ఒకప్పుడు మర్యాదయందు ఉండును. "కుడ్ యూ హెల్ప్ మీ" అని యడుగుట "కెన్ యూ" అని యడుగుటకంటె మర్యాదగా తోచుటకు కారణమిదియే.

వ్యాకరణగ్రంథములలో "మే" కంటె "మైట్" ఎక్కువ సందేహమును తెలుపునని చెప్పబడియున్నది. చాలమంది వాడుకలో ఈ భేదము నేడు స్పష్టముగా లేదు. కొందఱికి రెండును సమానము. కావున ఆ రెంటి భేదమును నమ్ముకొని గొప్ప నిర్ణయములు చేయరాదు. వక్త స్వరమును, పూర్వాపరసందర్భమును చూడవలెను.

"కెన్", "కుడ్" అను వాని భేదము మాత్రము స్థిరమైనది. మన విద్యార్థులు "ఇట్ కెన్ రెయిన్ టుమారో" అని వ్రాయుట కలదు. ఆంగ్లభాషీయు లట్లనరు, "ఇట్ కుడ్ రెయిన్ టుమారో" అందురు. "కెన్" సామాన్యధర్మమును తెలుపును. "ఢిల్లీలో చలి మిక్కుటముగా ఉండుట కలదు" అను నర్థమున "ఇట్ కెన్ బి వెరీ కోల్డ్ ఇన్ ఢిల్లీ" అనవచ్చును. ఒక నిర్దిష్టదినమున జరుగవచ్చునో లేదో తెలియని సంఘటనకు "కెన్" చెల్లదు. రెంటికిని తెలుగున "వచ్చును" చెల్లుట చేత మనవారికి ఈ పొరపాటు కలుగుచున్నది.

"షుడ్" అనుదాని స్వభావము వేఱు. "ది ట్రెయిన్ షుడ్ బి హియర్ బై సిక్స్" అన్నచో, పట్టికను బట్టి ఆఱుగంటలకు రావలసియున్నది, రాకపోయిన నా పూచీ లేదని భావము. ఋణార్థము ఇచట ఇంకను జీవించియున్నది. రైలు మనకు రాకను బాకీపడియున్నట్లు భావించుట. తెలుగున "ఈపాటికి రావలెను" అనునది దీనికి సరియైన పలుకు. మఱియొక విశేషము: ఈ యర్థమున "షుడ్" సాధారణముగా కోరదగిన సంఘటనలకే వాడబడును. రోగికి జ్వరము తగ్గుననుటకు "షుడ్" తగును. జ్వరము హెచ్చుననుటకు "మే" గాని "మైట్" గాని తగును. కావున "షుడ్" సందేహమునే గాక ఆశను గూడ మోయుచున్నది.

4. యద్యర్థకవాక్యములు

"ఇఫ్" అను పదముతో ఆరంభమగు వాక్యములలో సందేహమునకు మెట్లున్నవి. "ఇఫ్ ఇట్ రెయిన్స్" అనునది సాధారణము. వర్షము వచ్చునో రాదో వక్త చెప్పుట లేదు. ఇచట "విల్" చేర్చరు; సందేహము "ఇఫ్" చేతనే తెలియుచుండగా మరల చెప్ప నక్కఱలేదు. "ఇఫ్ ఇట్ షుడ్ రెయిన్" అనునది వర్షము రాదనుకొనువాని మాట. "ఇఫ్ ఇట్ రెయిన్డ్ టుమారో" అనునది మఱింత దూరపు ఊహ. "రేపు" అను మాట ప్రక్కన భూతరూపమును చూచి మన విద్యార్థులు వెఱగుపడుదురు.

వెఱగుపడ నవసరము లేదు. మన "కురిసినచో", "కురిసిన యెడల" అను రూపములలో "కురిసిన" అనునది భూతకాలవిశేషణమే గదా! రేపటి వర్షమును గూర్చి దానిని వాడునప్పుడు మన మెవ్వరమును భూతకాలమును తలపము. తెలుగున ఆ రూపము ప్రతి యద్యర్థకమునకును సామాన్యము. ఆంగ్లమున అది దూరపు ఊహకు మాత్రమే. ఇదియే భేదము. కావున "ఇఫ్ ఇట్ రెయిన్డ్" అనుదానిని "కురిసినచో" అని మాత్రమే తెనిగించిన నొక మెట్టు లోపించును. "ఒకవేళ కురియుటయే తటస్థించినచో" అన్నచో నది నిలుచును.

5. నిషేధము, సందేహక్రియలు

సందేహముతో నిషేధము కలిసినప్పుడు చిక్కు లెక్కువ. "హి మే నాట్ కమ్" అను వాక్యమునకు రెండర్థములు గలవు. "అతడు రాకపోవచ్చును" అని యొకటి. "అతడు రాగూడదు" అని రెండవది. మొదటిదానియందు నిషేధము రాకకు చెందును. రెండవదానియందు అనుమతికి చెందును. వినునప్పుడు ఊనికను బట్టి భేదము తెలియవచ్చును. వ్రాతలో సందర్భమే శరణ్యము. శాసనవాక్యములలో రెండవయర్థము సామాన్యము. తెలుగు ఈ రెంటికిని వేఱురూపములు కలిగియుండుట అనువాదకునకు లాభమే. కాని ఏదో యొకటి యెన్నుకొనక తప్పదు గనుక బాధ్యతయు హెచ్చును. మూలమునందలి సందిగ్ధతను అనువాదకుడు దాచలేడు.

"ఐ డోంట్ థింక్ హి విల్ కమ్" అను వాక్యమున నిషేధము తలచుటకు చేరినను, భావము "అతడు రాడని తలచుచున్నాను" అనియే. తెలుగునను "అతడు వచ్చునని నే ననుకొనను" అన్నచో నిదియే భావము. రెండు భాషలును నిషేధమును ప్రధానక్రియకు జరిపి వాక్యమును మెత్తబఱచుచున్నవి.

"డౌట్" అను క్రియ మిక్కిలి జాగరూకతతో చూడదగినది. "ఐ డౌట్ దట్ హి విల్ కమ్" అన్నచో నేటి ప్రమాణభాషలో "అతడు రాడనియే నా తలంపు" అని యర్థము. తెలుగున "సందేహము" అన్నప్పుడు రెండు పక్షములును తూగుచుండును: వచ్చునో, రాడో! ఇక "అనుమానము" అను మాట వేసి "అతడు వచ్చునని నా యనుమానము" అని తెనిగించినచో అర్థము తలక్రిందగును. వచ్చుననియే వక్త యూహించుచున్నట్లు తోచును. పూర్వము ఆంగ్లమునను "డౌట్" అనుదానికి శంకించుట, భయపడుట యను నర్థముండెను. షేక్స్పియర్ నాటి భాషలో నది సామాన్యము. స్కాట్లండు వాడుకలో నేటికిని అది నిలిచియున్నది. కావున వర్షమును గూర్చి "ఐ డౌట్" అని లండనువాసి యన్నచో రాదనియు, స్కాట్లండువాసి యన్నచో వచ్చునేమో యను భయమనియు గ్రహింపవలసి యుండును. మన దేశపు ఆంగ్లమున "ఐ హావ్ ఎ డౌట్" అను మాట "ఒక ప్రశ్న అడుగవలసియున్నది" అను నర్థమున వాడబడుచున్నది. ఇది మన "సందేహము" అను శబ్దమును అనుసరించి యేర్పడినదని చెప్పవచ్చును.

"ఐ యామ్ అఫ్రెయిడ్" అనునది దీనికి విపరీతము. "ఐ యామ్ అఫ్రెయిడ్ ది ఆఫీస్ విల్ బి క్లోజ్డ్ టుమారో" అని చెప్పు గుమాస్తాకు భయమును లేదు, సందేహమును లేదు. రేపు సెలవని యతనికి నిశ్చయముగా తెలియును. వినువానికి అప్రియమైన మాటను మెత్తగా చెప్పుటకు మాత్రమే ఆ పలుకు. ఇట్లు సందేహరూపము మర్యాదకు తొడుగుగా వచ్చుట ఆంగ్లమున సామాన్యము. పైయధికారి క్రిందివానితో "యూ మైట్ వాంట్ టు చెక్ ది ఫిగర్స్" అన్నచో అది సందేహము కాదు. లెక్కలు సరిచూడుమను ఆజ్ఞయే. ఈ తొడుగును అసలు సందేహమని భ్రమించినవాడు ఆజ్ఞను మీఱినవాడగును.

6. అవ్యయములు

సహాయక్రియలే కాక సందేహమును తెలుపు అవ్యయములు పెక్కు గలవు. "పర్హాప్స్" అనునది "హాప్" అనగా అదృష్టవశము, యాదృచ్ఛికము అనుదాని నుండి వచ్చినది. "మేబీ" అనునది "కావచ్చును" అను వాక్యమే అవ్యయముగా మాఱుట. "ప్రాబబ్లీ" అనుదానికి మూలము లాటిన్. ఒప్పుకొనదగినది, నిరూపింపదగినది అని దాని ప్రాచీనార్థము. "లైక్లీ" అనునది పోలిక నుండి పుట్టినది. సత్యమును పోలియున్నది గనుక జరుగునని యూహించుట. ఈ చివఱి మాటకు తెలుగున సహోదరుడు గలడు: "కాబోలు". "పోలు" ధాతువు నుండి వచ్చిన ఈ మాటయందును పోలికయే ఊహకు ఆధారము.

"పర్హాప్స్", "పాసిబ్లీ" అనునవి తక్కువ పూచీని, "ప్రాబబ్లీ" ఎక్కువ పూచీని, "సర్టెన్లీ" అనునది పూర్ణమైన పూచీని తెలుపునని నిఘంటువులు చెప్పును. "షి విల్ సర్టెన్లీ కమ్" అన్నవాడు మాత్రము ఒక్కొక్కప్పుడు "షి విల్ కమ్" అన్నవానికంటె తక్కువ నిశ్చయముతో నుండును. నిశ్చయమును నొక్కి చెప్పవలసివచ్చెనన్నచో దానిని శంకించు అవకాశమున్నదని యర్థము. తెలుగున "తప్పక వచ్చును" అను మాటయందును ఈ ధ్వని యుండుట కలదు.

7. సందేహమునకు కొలత

ఇంతవఱకు చూపిన మాటలకు మెట్లున్నవని చెప్పితిమి. ఆ మెట్లు అందఱకును ఒకే యెత్తున నుండునా? దీనికి సమాధానము అమెరికా ప్రభుత్వచరిత్రలో దొరకుచున్నది.

1948లో యుగోస్లావియా సోవియట్ కూటమి నుండి వేఱుపడెను. ఆ దేశముపై దండయాత్ర జరుగునేమో యని పాశ్చాత్యరాజ్యములు కలత చెందుచుండెను. 1951 మార్చిలో అమెరికా గూఢచారసంస్థ యగు సి.ఐ.ఏ. లోని అంచనాల శాఖ ఈ విషయమున ఒక నివేదికను సిద్ధము చేసెను. ఆ సంవత్సరమున యుగోస్లావియాపై దాడి జరుగుట "సీరియస్ పాసిబిలిటీ" యని, అనగా గట్టిగా తలపవలసిన సంభావ్యత యని, అందు వ్రాయబడెను. ఆ శాఖలో ప్రముఖుడైన షెర్మన్ కెంట్ పూర్వము చరిత్రాచార్యుడు. విదేశాంగశాఖ యధికారి యొకడు ఆ మాటకు అర్థమేమని యతని నడిగెను. దాడి జరుగుటకు 65 పాళ్లు, జరుగకుండుటకు 35 పాళ్లు అని కెంట్ బదులు చెప్పెను. ఆ యధికారి యులికిపడెను. అతడును అతని సహోద్యోగులును అంతకంటె చాల తక్కువగా భావించియుండిరి.

కెంట్ మనస్సు కలతపడెను. నివేదికను కూర్చిన తన సహచరులనే యొక్కొక్కరిని ప్రశ్నించెను. ఒకరు దాడికి 80 పాళ్లు అనిరి; మఱియొకరు 20 పాళ్లు మాత్రమే యనిరి. తక్కినవారు ఈ రెంటి నడుమ నుండిరి. అందఱును కలిసి చర్చించి, అందఱును సమ్మతించి సంతకము చేసిన వాక్యమది. వారు ఏకీభవించినది మాటయందే గాని భావమునందు కాదు. ఆ సంవత్సరము దాడి జరుగలేదు. జరిగియున్నచో ఒకే వాక్యమును చదివి ఒకడు సిద్ధపడియు, మఱియొకడు సిద్ధపడకయు ఉండెడివారు.

1964లో కెంట్ ఈ యనుభవమును ఒక వ్యాసముగా వ్రాసి, మాటలకు అంకెలను జతపఱచెను. దాదాపు నిశ్చయమన్నచో నూటికి 93, సంభావ్యమన్నచో 75, సమానమన్నచో 50, బహుశః కాదన్నచో 30, దాదాపు నిశ్చయముగా కాదన్నచో 7 అని యాతని పట్టిక. ఒక్కొక్కదానికి ఇటునటు కొంత వెసులుబాటు నుంచెను. అంకెలను కోరువారిని గణితజ్ఞులనియు, వానిని సహింపనివారిని కవులనియు నాతడు పేర్కొనెను. భాషోపాసకులమైన మనము ఏ పక్షమున నుందుమో చెప్ప నక్కఱలేదు. కాని యాతని ఫిర్యాదు కవిత్వముపై గాదు. అర్థమును శ్రోత యిష్టమునకు విడిచిపెట్టి, అర్థము చెప్పితిమని తలచుకొనుటపై.

ఇటీవలి కాలమున వాతావరణమార్పును విచారించు అంతర్జాతీయసంఘమైన ఐ.పి.సి.సి. ఇదే మార్గమును అవలంబించినది. దాని పట్టికలో "లైక్లీ" యన్నచో నూటికి 66కు తగ్గనిది. "వెరీ లైక్లీ" యన్నచో 90కి తగ్గనిది. "అన్‌లైక్లీ" యన్నచో 33కు మించనిది. అయినను 2009లో డేవిడ్ బుడెస్కూ మొదలగు మనశ్శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధనలో, ఈ మాటలను చదివిన సామాన్యపాఠకులు నివేదికాకర్తలు ఉద్దేశించిన సంఖ్యలకంటె నడిమికి దగ్గఱైన సంఖ్యలను భావించుచున్నట్లు తేలినది. "వెరీ లైక్లీ" యను మాటను 90కంటె తక్కువగా భావించినవారు పెక్కురు. నిర్వచించినంతమాత్రమున మాట తన పాతవాడుకను విడువదు.

8. తెలుగుతో పోలిక: అనువాదకుని కర్తవ్యము

పై విచారము వలన ఒక విషయము స్పష్టమగుచున్నది. ఆంగ్లమున కాలము, సందేహము, విధి, మర్యాద అను నాలుగును ఒక్క సహాయక్రియయందే యిమిడియుండును. తెలుగున సందేహమునకు వేఱుగా నొక నిపాతము గలదు. "ఏమో" యను దానిని ఏ కాలమునకైనను చివఱ చేర్పవచ్చును: వచ్చెనేమో, వచ్చుచున్నాడేమో, వచ్చునేమో. క్రియ కాలమును చెప్పును. నిపాతము సందేహమును చెప్పును. "ఏమి" యను ప్రశ్నకు "ఓ" చేరి "ఏమో" ఏర్పడినది. అనగా తెలుగు సందేహమునకు తల్లి ప్రశ్న. ఆంగ్లసందేహమునకు తల్లులు కోరిక, ఋణము, బలము.

ఇందువలన తెలుగున రెండు మార్గము లేర్పడినవి. "వర్షము కురియవచ్చును" అన్నచో, కురియుటకు వీలున్నదని లోకస్థితిని చెప్పుట. "వర్షము కురియునేమో" అన్నచో, నాకు తెలియుట లేదని వక్త తన స్థితిని చెప్పుకొనుట. ఆంగ్లమున "ఇట్ మే రెయిన్" అను వాక్యము రెంటికిని చెల్లును. కావున అనువాదకుడు మూలమున ఏది యుద్దేశింపబడినదో విచారింపవలెను. వాతావరణశాఖవారి ప్రకటనకు మొదటిది తగును. కథలోని తల్లి తన కుమారుని గొడుగు తీసికొని పొమ్మని చెప్పు పట్టున రెండవది తగును.

అనువాదకుడు ప్రతి సందేహవాక్యమునెదుట మూడు ప్రశ్నలను వేసికొనుట మంచిది. మొదటిది: ఇది నిజముగా సందేహమా, లేక అనుమతి, ఆజ్ఞ, మర్యాదలలో నొకటియా? రెండవది: సందేహించునది వక్తయా, లేక వక్త మఱియొకరి సందేహమును చెప్పుచున్నాడా? మూడవది: పూచీ యెంత? ఈ మూడవదానికి తెలుగున మాటల కొఱత లేదు. వచ్చితీరును, తప్పక వచ్చును, రావలెను, వచ్చును కాబోలు, రావచ్చును, వచ్చునేమో, వచ్చునో రాడో, రాకపోవచ్చును, రాడేమో, రానే రాడు. ఇన్ని మెట్లుండగా "వచ్చును" అను నొక్కదానినే పట్టుకొనుట దారిద్ర్యము భాషది కాదు, అలవాటుది.

మన పరిశోధకులు చేయవలసిన పనియు నొకటి గలదు. ఈ తెలుగుమాటలకు వినువారు భావించు పూచీ యెంతయో, ప్రాంతమును బట్టి, వయస్సును బట్టి అది మాఱుచున్నదో లేదో, ప్రశ్నపత్రములతో పరీక్షించి చూడవచ్చును. కోస్తాలో "రావచ్చును" అను మాటను వినిన రైతును, తెలంగాణములో వినిన రైతును ఒకే విధముగా గ్రహించుచున్నారా? తుపాను హెచ్చరికలు, వ్యవసాయసూచనలు, వైద్యసలహాలు తెలుగున వెలువడుచున్న ఈ కాలమున దీని ప్రయోజనము పండితులకు మాత్రమే పరిమితమైనది కాదు. పడవను ఒడ్డునకు చేర్పవలెనో, వల వేయవలెనో తేల్చుకొనవలసినవానికి "రావచ్చును" అను మాటలోని పూచీ యెంతయో తెలియుట అవసరము. అది తెలియునట్లు వ్రాయుట మన విధి.